సముద్రంలో మన చుట్టాన్ని కనిపెట్టిన కోవలెవ్‌స్కీ

అలెగ్జాండర్ కోవలెవ్‌స్కీ 1840లో అప్పటి రష్యా సామ్రాజ్యంలో జన్మించారు. ఇంజనీరింగు చదువు మధ్యలో మానేసి జంతుశాస్త్రంలో చేరారు. ఇటలీలోని నేపుల్స్ తీరంలో సముద్ర జీవుల పిండాలను సూక్ష్మదర్శినితో పరిశీలించారు.

అసిడియన్ అనే జీవి రాళ్లకు అతుక్కుని, చిన్న తోలుతిత్తిలా ఉంటుంది. నీళ్లు పీల్చి వదలడం తప్ప కదలదు. అందుకే చాలామంది దాన్ని నత్తల వర్గంలో చేర్చేవారు. కానీ దాని పిల్ల తోకకప్పలా ఈదుతుంది. ఆ తోకలో మన పిండంలో ఉండేలాంటి పృష్ఠవంశం ఉందని ఆయన 1866లో చూపించారు. అంటే అది నత్తకు కాదు, వెన్నెముక ఉన్న మనకే దగ్గరి చుట్టం! పెద్దయ్యాక తోక పోతుంది కాబట్టి ఈ చుట్టరికం బయటపడలేదు. 1871లో డార్విన్ కూడా తన పుస్తకంలో ఈ పరిశోధనను ప్రస్తావించాడు.

తర్వాత ఆయన సెవస్తొపోల్ సముద్ర పరిశోధన కేంద్రాన్ని నడిపి, 1901లో మరణించారు. పైరూపం చూసి తేల్చెయ్యకుండా పుట్టుక దగ్గర్నుంచి చూడాలన్న ఆయన ఓపికే నాకు బాగా నచ్చింది.