తపస్సు కాలంలో పాపసంకీర్తనం

పాపసంకీర్తనం కథోలిక శ్రీసభలోని ఏడు సంస్కారాలలో (దేవద్రవ్యానుమానాలలో) ఒకటి. జ్ఞానస్నానం పొందిన తరువాత చేసిన పాపాలను గురువు ఎదుట ఒప్పుకొని దేవుని క్షమాపణ పొందడమే ఈ సంస్కారం. దీనిని సఖ్యతా సంస్కారం అని కూడా అంటారు. విభూది బుధవారంతో ఆరంభమై పాస్కా పండుగకు దారితీసే తపస్సు కాలంలో విశ్వాసులు దీనికి ప్రత్యేకంగా సిద్ధపడతారు.

ఆధారం

ఉత్థానుడైన క్రీస్తు పాపాలను క్షమించే అధికారాన్ని శిష్యులకు ఇచ్చాడని యోహాను సువార్త (20:22-23) ఆధారంగా శ్రీసభ బోధిస్తుంది. ప్రతి విశ్వాసి ఏడాదికి ఒకసారైనా పాపసంకీర్తనం చేయాలని, పాస్కా కాలంలో సత్ప్రసాదం స్వీకరించాలని 1215లో నాలుగవ లాటరన్ మహాసభ నిర్ణయించింది. చావైన పాపాలను ఏటా ఒప్పుకోవాలన్న నియమం 1983 నాటి శ్రీసభ చట్టంలోనూ ఉంది.

సిద్ధపాటు

మొదటిది ఆత్మపరిశోధన. పది ఆజ్ఞల వెలుగులో తన తలంపులను, మాటలను, చేతలను, చేయక విడిచిన మేలును పరిశీలించుకోవాలి. తరువాతివి పశ్చాత్తాపం, పాపాన్ని మళ్ళీ చేయకూడదన్న దృఢ నిశ్చయం. గురువు వద్ద చావైన పాపాలను వాటి రకం, సంఖ్యతో సహా దాచకుండా చెప్పాలి. గురువు హితవు చెప్పి ప్రాయశ్చిత్తం విధిస్తాడు. విశ్వాసి మనస్తాప జపం చెప్పిన పిమ్మట గురువు పాపవిమోచనం పలుకుతాడు.

పొరుగువారితో సఖ్యత

పాపవిమోచనంతో బాధ్యత ముగియదు. పొరుగువానికి చేసిన నష్టాన్ని చేతనైనంత వరకు సరిదిద్దాలి. దొంగిలించిన సొమ్మును తిరిగి ఇవ్వాలి, నిందలతో చెడిన పేరును నిలబెట్టాలి. పల్లెటూరి రైతుకు ఇది జరిపిన పొలం గట్టు కావచ్చు, ఎగవేసిన కూలి కావచ్చు. బలిపీఠం వద్ద కానుకను విడిచి, ముందు సోదరునితో సమాధానపడమని మత్తయి సువార్త (5:23-24) చెబుతుంది. సిద్ధపాటులో మిక్కిలి కష్టమైన భాగం ఇదే.

నల్గొండ మేత్రాసనం

దక్షిణ తెలంగాణలోని నల్గొండ మేత్రాసనం 1976లో ఏర్పడింది. పూర్వపు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రాంతం దీని పరిధిలో ఉంది. ఈ మెట్ట ప్రాంతం నుండి, ముఖ్యంగా పాలమూరు నుండి, బతుకుతెరువు కోసం ముంబై, పుణె వంటి నగరాలకు వలస వెళ్ళడం చాలాకాలంగా ఉన్నది. తపస్సు కాలంలో సొంత ఊరికి రాలేనివారు ఉన్నచోటనే అధికారం గల ఏ గురువు వద్దనైనా పాపసంకీర్తనం చేయవచ్చు. భాష తెలియనిచోట దుబాసీ సాయం తీసుకోవడానికి కూడా శ్రీసభ చట్టం అనుమతిస్తుంది.

గోప్యత

పాపసంకీర్తనంలో విన్నదానిని గురువు ఏ కారణం చేతనైనా, ఎవరికైనా వెల్లడించి విశ్వాసిని బయటపెట్టరాదు. దుబాసీ కూడా రహస్యం కాపాడవలసినవాడే. చెప్పుకోవడానికి సంకోచించే విశ్వాసికి ఈ నియమమే ధైర్యం.