ఒకే పత్తి, రెండు ఊళ్లు: ఆదోని, ఎమ్మిగనూరు

కర్నూలు జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దుకు చేరువలో, ముప్పై కిలోమీటర్ల ఎడంతో ఆదోని, ఎమ్మిగనూరు ఉన్నాయి. ఉత్తరాన తుంగభద్ర. పడమట వేదవతి, ఈ ప్రాంతంలో దాన్ని హగరి అంటారు. రెండు నదులు పక్కనే పారుతున్నా ఇది మెట్టసీమే. ఏడాదంతా కలిపి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడుతుంది, అదీ నమ్మకంగా కాదు. నదులు లోతున పారతాయి, పొలాలు ఎత్తున ఉంటాయి. ఆదోని చుట్టూ రాతిగుట్టలు, వాటిని దాటితే కనుచూపు మేర నల్లరేగడి. ఎండాకాలంలో ఆ నేల చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. ఒక్క మంచి వాన పడితే మాత్రం ఆ తేమను నెలల తరబడి దాచుకుంటుంది. జొన్న, కొర్ర, శనగ, పత్తి ఆ తేమ మీదే పండాయి. మాట తెలుగే అయినా కన్నడం, ఉర్దూ తెలియనివాళ్లు ఇక్కడి సంతల్లో తక్కువ.

2011 జనాభా లెక్కల్లో ఆదోని పట్టణంలో సుమారు 1,66,000 మంది, ఎమ్మిగనూరులో సుమారు 95,000 మంది ఉన్నారు. రెండు ఊళ్లనూ పెంచింది పత్తే. అయితే దాన్ని ఒక ఊరు అమ్మి బతికింది, మరో ఊరు నేసి బతికింది. ఈ తేడా వల్లే రెంటి చరిత్రా రెండు దారుల్లో నడిచింది.

ఆదోని పేరు మొదట వినబడేది కోటతోనే. విజయనగర రాజుల కాలంలో గుట్టల మీద కట్టిన ఆ దుర్గం తళ్లికోట యుద్ధం తర్వాత, 1568లో, బీజాపూర్ సుల్తానుల చేతికి వచ్చింది. వారి తరఫున ఏలిన సిద్ది మసూద్ ఖాన్ హయాంలో ఇక్కడ జామియా మసీదు లేచింది. మంత్రాలయం రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామాన్ని ఇచ్చిన ఆదోని నవాబు ఈయనేనని స్థానిక సంప్రదాయం. 1688లో ఔరంగజేబు సేనలు కోటను పట్టుకున్నాయి. తర్వాత నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా అనుభవించి 1782లో చనిపోయాడు. 1786లో టిప్పు సుల్తాన్ నెల రోజులు ముట్టడించి గెలిచి, మళ్లీ ఎవరికీ పనికిరాకుండా బురుజులు కూల్చేయించాడు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. కోట కథ అక్కడితో అయిపోయింది. ఊరికి కోటకన్నా పెద్ద ఆధారం దాని చుట్టూ ఉన్న నేల అని తేలడానికి ఇంకో డెబ్భై ఏళ్లు పట్టింది.

దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో రైతువారీ పద్ధతిలో శిస్తు నిర్ణయించాడు. శిస్తు డబ్బు రూపంలో కట్టాలంటే అమ్ముడుపోయే పంట కావాలి. రేగడిలో అలాంటి పంట పత్తి. కానీ దాన్ని రేవుకు చేర్చడమే కష్టం. ఎద్దులబండ్ల మీద, లంబాడీల పెరికెల మీద వారాల తరబడి సాగాలి, దారిలో వాన తడిపితే సరుకు పాడు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయింది. ఆ నాలుగేళ్లూ బళ్లారి, ధార్వాడ సీమల పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. ఆ ధర నిలవలేదు గాని, ఈ నేల పంటకు సముద్రాల అవతల గిరాకీ ఉందన్న సంగతి వ్యాపారులకు తెలిసిపోయింది.

అసలు మలుపు 1871. మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు చేరి, బొంబాయి నుంచి వచ్చిన మార్గంతో కలిసింది. ఆదోని ఒక్కసారిగా రెండు మహానగరాల మధ్య స్టేషను అయింది. ఆ వెంటనే, 1876 నుంచి 1878 దాకా, దేశంలోకెల్లా ఘోరమైన కరువుల్లో ఒకటి ఈ సీమను పీల్చేసింది. అప్పట్లో ఆదోని భాగంగా ఉన్న బళ్లారి జిల్లా జనాభా ఐదో వంతు తరిగిపోయింది. నేతగాళ్లకు రెండు వైపులా దెబ్బ పడింది: తిండిగింజలు కొనలేరు, గుడ్డ కొనేవాళ్లు లేరు. కరువు సహాయపు రోడ్డు పనుల్లో రాళ్లు కొట్టలేని ఆ చేతులకు మగ్గం మీదే పని కల్పించాలన్న ఆలోచన తర్వాతి కరువుల నాటికి ప్రభుత్వ నిబంధనల్లోకి ఎక్కింది.

రైలు పక్కన జిన్నింగు, ప్రెస్సింగు మిల్లులు వెలిశాయి. హింగారి (రబీ) వానలకు విత్తి ఎండలు ముదిరే లోపు తీసే ఇక్కడి పొట్టి పింజ పత్తి వర్తక ప్రపంచంలో ‘వెస్టర్న్స్’ పేరుతో చలామణి అయింది. నంద్యాల వైపు పత్తి ‘నార్తర్న్స్’. 1906లో బళ్లారి దగ్గర హగరిలో వెలిసిన వ్యవసాయ క్షేత్రంలో మేలైన రకాలు తయారయ్యాయి. పత్తి వెంట వేరుశనగ, దాని వెంట నూనె మిల్లులు వచ్చాయి. మార్వాడీ, గుజరాతీ, వైశ్య, లింగాయత వర్తకులు కొట్లు తెరిచారు. ఆదోనిని రెండో బొంబాయి అని జనం పిలుచుకోవడంలో కొంత గొప్పలు లేకపోలేదు. అయితే ఇక్కడి ధర బొంబాయి ధరను చూసి కదిలిన మాట మాత్రం నిజం.

ఈ వ్యాపారం ఎంత పెద్దదైనా కొనే ఘట్టం చాలా చిన్నది. మార్కెట్ యార్డులో రైతు తెచ్చిన పత్తి కుప్పలోకి కొనుగోలుదారు మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు. పైన ఎండినట్టున్నా లోపల తేమ ఉంటుందని అతని అనుమానం. గింజను పట్టుకుని దూదిని రెండు బొటనవేళ్ల మధ్య మెల్లగా లాగి పింజ పొడవు చూస్తాడు. పచ్చమచ్చ ఉందా, గుల్లకాయ పత్తి కలిసిందా అని వేలితో చెదరగొడతాడు. క్షణాల్లో ధర తేలుతుంది, ఏడాది కష్టం విలువ అదే. తర్వాతి లెక్కంతా యంత్రానిది. క్వింటాలు పత్తిలో సుమారు మూడో వంతు దూది, తక్కినది గింజ. దూది 170 కిలోల బేళ్లుగా కట్టి బయటి మిల్లులకు, గింజ నూనెకు, నూనె తీసిన చెక్క పశువులకు పోతాయి. ఏదీ వృథా కాదు. కానీ గుడ్డ అయ్యేది ఇక్కడ కాదు.

గుడ్డ నేసేది ఎమ్మిగనూరు. రైలు ఆ ఊరికి పోలేదు. అక్కడి బలం మనుషులే: కురుహినశెట్టి, తొగట, పద్మశాలి వంటి నేత కులాలవారు. కురుహినశెట్ల కులదైవం నీలకంఠేశ్వరుని జాతర పుష్య పౌర్ణమి వేళ నేటికీ ఊరి పెద్ద పండగే. ఒకప్పుడు నూలు కూడా చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు వడికేవారు. పందొమ్మిదో శతాబ్దంలో మిల్లు నూలు వచ్చి రాట్నాలను మూలపడేసింది. దాంతో ఒక విడ్డూరం తయారైంది. ఆదోని పత్తి రైలెక్కి దూరదేశాల మిల్లులకు పోయి, నూలు చిలపలై తిరిగొచ్చి, ముప్పై కిలోమీటర్ల దూరంలోని మగ్గానికి చేరేది. దారిపొడుగునా ప్రతి చెయ్యీ తన వాటా తీసుకునేది, ఆ భారమంతా చివరికి నేతగాడి కూలి మీద పడేది.

నూలు కొనే పెట్టుబడి లేని నేతగాడికి దిక్కు సావుకారు. నూలు అతనే ఇస్తాడు, గుడ్డ అతనే తీసుకుంటాడు, పెళ్లికీ పండక్కీ బయానా అతనే ఇస్తాడు. ఆ బయానా తీరే దాకా మగ్గం అతనికే నేయాలి. ఈ కట్టును తెంచడానికి 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరు చేనేత సహకార ఉత్పత్తి, విక్రయ సంఘాన్ని స్థాపించారు. సంఘమే నూలు టోకున కొంటుంది, సభ్యులకు పంచుతుంది, కూలి కడుతుంది, గుడ్డ అమ్ముతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో నూలు మీద నియంత్రణ వచ్చినప్పుడు సహకార సంఘాలు పంపిణీకి దారులయ్యాయి. సావుకారు దగ్గర లేని నూలు సంఘం దగ్గర దొరకడమే దాని మీద గురి కుదరడానికి పెద్ద కారణమై ఉండాలి. ఆదర్శాల వల్లే సంఘాలు నిలవవు. దుప్పట్లు, తువ్వాళ్లు, చీరలు, తర్వాత పరదా గుడ్డలు ఎమ్మిగనూరు పేరుతో రాష్ట్రం దాటాయి. సోమప్పకు పద్మశ్రీ పురస్కారం వచ్చింది.

మగ్గం ఒక్కరి పని కాదు. చిలప నూలును ఇంటి ఆడవాళ్లు రాట్నం మీద కండెలకు చుడతారు. ఆసు పోసి పడుగు తయారుచేస్తారు. తెల్లవారకముందే ఆ పడుగును వీధి పొడుగునా చాచి గంజి పట్టి, పోగుకు పోగు అంటకుండా కుంచెతో దువ్వుతారు. ఎండ ముదిరితే గంజి బిరుసెక్కి పోగు తెగుతుంది, వాన వస్తే ఆ రోజు పని లేనట్టే. ఆ తర్వాతే నేతగాడు గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని తొక్కుడు చెక్కలు తొక్కుతూ నాడె ఆడిస్తాడు. కూలి మాత్రం నేసిన గుడ్డకే లెక్క, ఇంట్లో తక్కిన చేతులు దానిలో కలిసిపోయినవే.

సంఘం నేతగాళ్ల కోసం కాలనీ కూడా కట్టించింది. ఒకే వృత్తి వాళ్లకు వరుస ఇళ్లు కట్టడం ఇంగ్లండు బొగ్గు గ్రామాల్లోనూ ఉంది. అయితే డర్హం సీమలో చాలాచోట్ల ఆ ఇళ్లు గని కంపెనీవి. గనులు తరిగిపోతున్న దశలో, 1951లో, అక్కడి కౌంటీ ప్రణాళిక వందకు పైగా గ్రామాలను ‘డి’ తరగతిలో వేసి, ఇక వాటిపై కొత్తగా ఖర్చు పెట్టనవసరం లేదని తేల్చింది. ఎమ్మిగనూరులో కాలనీ కట్టించింది కంపెనీ కాదు, నేతగాళ్లే సభ్యులైన సంఘం. పైగా మగ్గం ఇంట్లోనే ఉంది కనుక ఒక్క రోజులో మూతపడే గేటంటూ ఏదీ లేదు. అందుకే ఇక్కడ క్షీణత చప్పుడు లేకుండా, ఒక్కొక్క ఇల్లుగా వచ్చింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలులో చేరాయి. బళ్లారి మైసూరుకు పోయింది. అదే ఏడాది తుంగభద్ర ఆనకట్ట ప్రారంభమైంది. దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు వైపు నీళ్లు తెచ్చింది. కాలువ కింద కొన్ని పొలాల్లో వరి పండింది. చివరి ఆయకట్టుకు నీళ్లు అందలేదన్న ఫిర్యాదు కాలువంత పాతది.

చేనేతకన్నా ముందు మిల్లులు కుంగాయి. ఆదోని కాటన్ మిల్సును 1974 చట్టం కింద ఖాయిలా మిల్లుల జాబితాలో జాతీయం చేశారు. ఆ తర్వాత అది మూతపడింది. చేనేతకు ఆసరాగా 1976లో రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో ఏర్పడింది. 1985లో కొన్ని రకాల గుడ్డలను చేనేతకే కేటాయిస్తూ చట్టం వచ్చింది. కాగితం మీద కేటాయింపు ఉన్నా అవే దుప్పట్లు మరమగ్గాల మీద సగం ధరకు తయారై అంగళ్లకు వచ్చాయి. సంఘాలు ప్రభుత్వ హాస్టళ్ల కొనుగోళ్ల మీద ఆధారపడ్డాయి. ఆ ఆర్డరు ఆలస్యమైతే కూలీ ఆలస్యం. కూలి పెరగని పనికి కొడుకులు కూర్చోలేదు. ఎమ్మిగనూరులో మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి, కానీ వాటి మీద ఎక్కువగా నెరిసిన తలలే కనిపిస్తాయి.

ఆదోని మార్కెట్ మాత్రం నిలిచింది. 1970ల నుంచి హైబ్రిడ్ పత్తి, 2002 తర్వాత బీటీ పత్తి పాత పొట్టి పింజ రకాలను తోసేశాయి. దిగుబడి పెరిగింది, విత్తనం, మందుల ఖర్చూ పెరిగింది, వాన మాత్రం మారలేదు. పంట పోయిన ఏడు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల జనం సుగ్గికి బయలుదేరతారు. ఇళ్లకు తాళాలు వేసి, పిల్లలను వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకోతకు, పత్తితీతకు పోయి నాలుగు నెలలకు తిరిగొస్తారు. 2022లో నంద్యాల వేరు జిల్లా అయ్యాక కర్నూలు జిల్లాలో ఈ పడమటి మండలాలదే పెద్ద భాగం. దాంతో సుగ్గి, కాలువ నీరు, చేనేత కూలి జిల్లా రాజకీయాల్లో ముందు వరుసలోకి వచ్చాయి.