పురిటికి వచ్చిన పక్షులు

"మన పూర్వులు ప్రకృతిని దైవంగా భావించారు" అనే వాక్యం ఈ ఆలయ ప్రాంగణంలో పెరిగిన యువతీయువకులకు కొత్తది కాదు. ఉపన్యాసాలలో, సంచికలలో మీరు అనేక పర్యాయాలు విని ఉంటారు. అయితే ఆ వాక్యం మరీ విశాలమైనది కావడం చేత దాని వెనుక ఉన్న ఊళ్ళు, చెట్లు, మనుషులు మన కంటికి ఆనరు. అందుచేత ఒకే ఒక్క ఆచారాన్ని స్వీకరించి, చరిత్రలో అది ఏమి సాధించిందో, ఎక్కడ ఆగిపోయిందో మీతో కలిసి పరిశీలించదలచాను. ఆ ఆచారం పేరు పురుడు.

గర్భవతియైన కూతురిని తొలి కాన్పునకు పుట్టింటికి తీసుకొని రావడం తెలుగునాట అనాదిగా ఉన్న మర్యాద. ఆ రోజులలో ఇంటిల్లిపాది ఆమె చుట్టూ మెలగుతారు. గట్టిగా మాట్లాడరు, ఆమెను కష్టపెట్టరు, ఖర్చును లెక్కించరు. బిడ్డతో క్షేమంగా అత్తవారింటికి పంపేవరకు ఆమె బాధ్యత పుట్టినింటిదే. వైద్యురాలిగా నేను ఈ ఆచారాన్ని గౌరవిస్తాను. విశ్రాంతి, ఆహారం, నిర్భయం, ఈ మూడూ బాలింతకు ఔషధాలతో సమానం.

ఈ మర్యాదను మన పల్లెలు కొన్ని పక్షులకు కూడా వర్తింపజేశాయి. శ్రీకాకుళం సీమలో టెక్కలి సమీపాన తేలినీలాపురం అనే ఊరున్నది. ఏటా వర్షాకాలం చివర గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు అక్కడికి చేరి, ఊరి చెట్లపై గూళ్ళు కట్టి, నౌపడా చిత్తడినేలలలో చేపలను వేటాడి పిల్లలను పోషిస్తాయి. అనంతపురం సీమలో చిలమత్తూరు వద్ద ఉన్న వీరాపురంలో ఇళ్ళ నడుమనున్న చింతచెట్లే ఎర్రకాళ్ళ కొంగలకు పురిటిగదులు. వీటిని సైబీరియా కొంగలని అనేకులు పిలుస్తారు గాని, అవి మన ఉపఖండపు పక్షులే. పురిటికి వచ్చిన ఆడపడుచులని ఈ ఊళ్ళవారు వాటిని చెప్పుకుంటారు. గుడ్లను ఇంచుమించు నెలరోజులు పొదిగి, పిల్లలకు రెక్కలు వచ్చేవరకు నెలల తరబడి అవి చెట్టును విడువవు. అంతకాలం వాటిపై రాయి విసరడం అపచారం. పక్షులు వచ్చిన ఏడు పంట బాగుంటుందని, రాని ఏడు అరిష్టమని పెద్దల నమ్మకం.

ఈ నమ్మకాన్ని మూఢమని త్రోసిపుచ్చకండి. పక్షి రెట్టలో నత్రజని, భాస్వరం పుష్కలంగా ఉంటాయి. చెరువుపై గూళ్ళుంటే రెట్ట కలిసిన నీరు కాలువల ద్వారా పొలాలకు చేరి ఎరువవుతుంది. పైగా చేపలున్న చెరువు, చేపలను పోషించే వాన ఉన్న చోటికే పక్షి వస్తుంది. కనుక పక్షుల రాక మంచి ఏటికి గుర్తు కావడంలో వింత లేదు. అలాగని ఈ ఆతిథ్యం ఉచితమని కూడా భావించకండి. చింతచెట్టు ఫలసాయం చెడుతుంది, వాకిలి నిండా రెట్ట, కుళ్ళిన చేపల వాసన. ఆ నష్టాన్ని తరతరాలుగా భరించిన రైతులను చరిత్ర గ్రంథాలు పేర్కొనలేదు.

ఇటువంటి ఊళ్ళు దక్షిణ భారతమంతటా ఉన్నాయి. చెంగల్పట్టు సీమలోని వేడంతాంగల్ చెరువు వద్ద పద్దెనిమిదవ శతాబ్ది చివర ఆంగ్ల సైనికులు పక్షులను కాల్చగా, గ్రామస్థులు కలెక్టరు లయొనెల్ ప్లేస్ వద్ద మొరపెట్టుకొని 1798లో కౌలుపత్రం సంపాదించారు. పక్షులను కాపాడుకొనే హక్కు ఊరిదని ఆ పత్రం అంగీకరించింది. 1858లో ప్రభుత్వం దానిని మరల ధ్రువీకరించింది. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చిందని గుర్తుంచుకుంటే, ఆ రైతులు ఎంత ముందున్నారో మీకు బోధపడుతుంది. కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరులో 1916లో ప్లేగు రాగా ఊరు తరలిపోయిందని, పక్షులు కూడా ఊరివెంట కొత్త చోటికి వచ్చాయని పెద్దలు చెబుతారు. శివగంగ జిల్లా కొల్లుకుడిపట్టిలో, పక్షులు బెదరకూడదని దీపావళికి బాణసంచా కాల్చరు. పండుగనాడు పిల్లల ఉత్సాహాన్ని అదుపులో ఉంచడం ఎంత కష్టమో మీ ఇళ్ళలో చూసే ఉంటారు.

అయితే ఈ కథ అంతా విజయగాథ కాదు. పశ్చిమగోదావరి జిల్లాలో కొల్లేటి పరిసరాన ఆరేడు అనే గ్రామంలో గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్ళు కట్టేవి. పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో దానిని లోకానికి పరిచయం చేశారు. 1970లలో ఆ స్థావరం ఖాళీ అయిపోయింది. తరువాత కొల్లేరులో చేపల చెరువులు విస్తరించాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006లో అక్రమ చెరువులను ప్రభుత్వమే గండి కొట్టించవలసి వచ్చింది. నేడు ఆటపాకలో గూడబాతులకు ఇనుప స్తంభాలపై అమర్చిన మంచెలు కూడా ఆశ్రయమిస్తున్నాయి.

తేలినీలాపురంలోనూ 2022 ఆరంభానికి వందకు పైగా గూడబాతులు మరణించాయి. చేపల ద్వారా కడుపులో చేరిన నులిపురుగులే కారణమని పశువైద్యులు అభిప్రాయపడ్డారు. ఊరివారి ప్రేమలో లోపమేమీ లేదు. తమ చింతచెట్టును వారు కాపాడగలరు గాని, దూరానున్న చెరువులోని చేపకు పట్టిన వ్యాధిని వారెలా కనిపెట్టగలరు? నా వృత్తిలోనూ ఇంతే. పుట్టిల్లు బాలింతకు ఆదరణ ఇస్తుంది. రక్తస్రావాన్ని ఆపడానికి మాత్రం ఆస్పత్రి కావాలి. ఒకదాని పని మరొకటి చేయలేదు. ఆదరణ లేనిచోట ఎంత మంచి ఆస్పత్రియైనా ఆలస్యంగానే పిలువబడుతుంది.

ఇక మీ విషయం. మీలో కొందరు జీవశాస్త్రం, పశువైద్యం, నీటి ఇంజనీరింగు చదువుతున్నారు. సంప్రదాయాన్ని పొగిడేవారు మన సమాజంలో కొరతగా లేరు. ఆ చెరువు నీటిని పరీక్షించగలవారు, గూళ్ళను ఏటేటా లెక్కించగలవారు, చింతపండు నష్టానికి పరిహారం ఇప్పించగలవారు కావాలి. కొక్కరె బెళ్ళూరులో చెట్ల యజమానులకు అటవీశాఖ కొంత పరిహారం ఇస్తున్నది. అటువంటి ఏర్పాటు మరిన్ని ఊళ్ళకు అవసరం.

శీతకాలపు సెలవులలో మీరు తాతగారింటికి వెళ్ళి, అటునుంచి తిరుమల దర్శనానికి వెళతారు కదా. అదే తిరుపతి జిల్లాలో సూళ్ళూరుపేట దాటిన తరువాత నేలపట్టు ఉన్నది. 1976లో పక్షుల సంరక్షణ కేంద్రమైన ఆ చెరువులో, నీటిలో నిలిచిన కడప చెట్లపై గూడబాతులు ఆ నెలలలోనే కాపురముంటాయి. ఒక పూట కేటాయించండి. నిశ్శబ్దంగా నిలబడి చూడండి. ఆ ఊరి పెద్దలు ఎవరైనా కనిపిస్తే నమస్కరించి, ఈ ఏడు ఎన్ని గూళ్ళు పెట్టాయో అడగండి. అడిగినవారికి వారు సంతోషంగా చెబుతారు.