బంగారు పాము కణంలో ముదురు చుక్క

త్రిపురారం వైపు సాగర్ ఎడమ కాలువ కింద రాత్రిపూట మడికి నీళ్లు పెట్టబోయే రైతు టార్చి మర్చిపోడు. కట్లపాము భయం అలాంటిది. ఆ జాతికి ప్రపంచమంతా వాడే ‘బుంగారస్’ అన్న పేరు మాత్రం మన మాటే. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన ప్యాట్రిక్ రస్సెల్, జనం నోట విన్న ‘బంగారు పాము’ను 1796 నాటి తన పుస్తకంలో రాసుకున్నాడు. 1803లో ఫ్రెంచివాడు దోదాన్ దానికి లాటిన్ తోక తగిలించాడు. ఒంటి నిండా నలుపు, పసుపు పట్టీలున్న ఆ పాముదే ఈ కథ.

1970 ప్రాంతం. కాశీ హిందూ విశ్వవిద్యాలయం. జౌన్‌పూర్ పల్లె నుంచి వచ్చిన లాల్జీ సింగ్, గురువు రాయ్ చౌధురి దగ్గర పాముల కణాలను పరిశీలిస్తున్నాడు. మైక్రోస్కోపు కింద ఆడపాము కణం. కేంద్రకమంతా లేత రంగే, ఒక పక్కన మాత్రం సిరా బొట్టులా ముదురు చుక్క. స్లైడు మార్చి మగపాము కణం చూస్తే చుక్క లేదు. ఆ చుక్కే, బిగుసుకుపోయిన డబ్ల్యూ క్రోమోజోమ్. మనలో మగవాడికి ఎక్స్, వై ఉన్నట్టు పాముల్లో ఆడదానికి జెడ్, డబ్ల్యూ ఉంటాయి. 1971లో ఈ సంగతి అచ్చయింది.

ఇలా బిగుసుకుపోయిన భాగానికి ఎమిల్ హైట్జ్ 1928లోనే హెటిరోక్రోమాటిన్ అని పేరు పెట్టాడు. డీఎన్‌ఏ దారం ఉండ కట్టేస్తే జన్యువును చదివే ఎంజైములు లోపలికి దూరలేవు. 1930లో ముల్లర్ అనే శాస్త్రవేత్త ఎక్స్‌రేలతో పండ్ల ఈగ క్రోమోజోములు విరగ్గొట్టాడు. ఎర్ర కంటి జన్యువు తెగిపోయి ఈ బిగువు పక్కన అతుక్కుంటే కన్ను ఎరుపు, తెలుపు మచ్చలతో వచ్చింది. జన్యువు చెడలేదు, పొరుగు చెడ్డది!

1974లో లాల్జీ ఎడిన్‌బరోలో కెన్ జోన్స్ ల్యాబుకు చేరాడు. అక్కడ పనిలో కొంత చీకటిగదిలో. ఆడపాము డీఎన్‌ఏలో పదే పదే వచ్చే ముక్కలను వేరుచేసి, వాటికి రేడియోధార్మిక గుర్తు పెట్టి, స్లైడు మీద క్రోమోజోములకు అంటించాలి. పైన ఫొటో ఎమల్షన్ పూసి, చీకటి పెట్టెలో రోజుల తరబడి వదిలేయాలి. కడిగి చూస్తే నల్లటి వెండి రేణువులు చీమల్లా డబ్ల్యూ మీదే గుమిగూడాయి. బంగారు పాము ఇచ్చిన ముక్కకు బీకేఎం అని పేరు. అందులో గాటా, గాటా అంటూ నాలుగు డీఎన్‌ఏ అక్షరాల (జి, ఏ, టి, ఏ) జపం.

అసలు విశేషం 1979లో బయటపడింది. ఒంట్లోని మామూలు కణాల్లో ముడుచుకుని పడుండే డబ్ల్యూ, పెరుగుతున్న అండకణంలో విప్పారి కనబడింది. మన రైతుకు చెప్పాలా? కుట్టిన బస్తాలో విత్తనం మొలకెత్తదు. కార్తె వచ్చాక మూతి విప్పాల్సిందే. అంతకుముందు ఇదంతా పనికిరాని చెత్త అని కొట్టిపారేసిన పండితులు చాలామందే!

1987లో లాల్జీ హైదరాబాద్ వచ్చి జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీలో చేరాడు. ఆ బీకేఎంతోనే డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి తయారుచేశాడు. బిడ్డకు తండ్రెవరో తేల్చమని కోర్టులు హబ్సిగూడ ల్యాబు తలుపు తట్టాయి. పేరొచ్చింది దానికే. నాకు మాత్రం 1994 నాటి పేపరే ముఖ్యం. గాటాలను పట్టుకునే ఒక ప్రోటీను డబ్ల్యూ ఉన్న ఆడవాటి, వై ఉన్న మగవాటి బీజకణాల్లోనే కనబడింది. బస్తా కుట్లు విప్పే చెయ్యి అదేనని లాల్జీ బృందం అనుమానించింది.