6174 (కాప్రేకర్ స్థిరాంకం)

6174 నాలుగంకెల సరిసంఖ్య. మహారాష్ట్రలోని దేవళాలిలో బడిపంతులుగా పనిచేసిన డి.ఆర్. కాప్రేకర్ (1905–1986) దీని విశేషాన్ని 1949లో బయటపెట్టారు. నాలుగంకెలూ ఒకటే కాని ఏ నాలుగంకెల సంఖ్యనైనా తీసుకోండి. అంకెలను అవరోహణ క్రమంలో పేర్చి, అందులోంచి ఆరోహణ క్రమంలో పేర్చిన సంఖ్యను తీసివేయాలి. వచ్చిన ఫలితంతో మళ్లీ అదే పని చేయాలి; సున్నాను మాత్రం వదిలేయకూడదు. 2024తో మొదలుపెడితే:

4220 − 0224 = 3996
9963 − 3699 = 6264
6642 − 2466 = 4176
7641 − 1467 = 6174

ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా 6174 కదలదు. ఏ సంఖ్యకైనా ఏడు తీసివేతలు మించవు. కాగితం, పెన్సిలు ఉంటే చాలు, పిల్లలూ సరిచూసుకోవచ్చు. మూడంకెల్లో ఈ స్థానం 495ది; అయిదంకెల్లో ఇలాంటి ఒంటరి గమ్యం లేదు, ఫలితాలు వలయాలుగా తిరుగుతుంటాయి.

కారణాంకాలు: 2 × 3² × 7³. అంకెల మొత్తం 18తో ఇది నిశ్శేషంగా భాగింపబడుతుంది. అలాంటివాటికి ‘హర్షద్’ సంఖ్యలని పేరుపెట్టిందీ కాప్రేకరే. చిత్రంగా, 18³ + 18² + 18 కూడా 6174 అవుతుంది.