మెర్సెన్ మాట, కోల్ లెక్క

పెద్దలు చెప్పారు కాబట్టి నిజమే అయ్యుంటుందనే అలవాటు ఒక్క మతానిదే అనుకుంటాం. గణితంలోనూ ఒక సంఖ్య విషయంలో ఇదే జరిగింది.

2 యొక్క 67వ ఘాతంలోంచి 1 తీసేస్తే 14,75,73,95,25,89,67,64,12,927 వస్తుంది. మొత్తం 21 అంకెలు. 1644లో మారిన్ మెర్సెన్ అనే ఫ్రెంచి క్రైస్తవ సన్యాసి ఇలాంటి సంఖ్యల్లో ఏవి ప్రధాన సంఖ్యలో ఒక జాబితా అచ్చువేశాడు. ఇది అందులో ఉంది. రుజువు మాత్రం లేదు. ఆయన మోసగాడేమీ కాదు. గెలీలియో రచనను ఫ్రెంచిలోకి తెచ్చిన విద్వాంసుడు. ఆ పేరు మీదే జాబితా రెండు శతాబ్దాలకు పైగా చెలామణీ అయింది.

1876లో ఎడ్వార్డ్ లూకా ఇది ప్రధాన సంఖ్య కాదని తేల్చాడు. అయితే ఒక్క కారణాంకాన్ని కూడా చూపలేకపోయాడు. మా పద్దుల భాషలో చెప్పాలంటే, ట్రయల్ బ్యాలెన్స్ కుదరలేదని తెలిసింది గాని తప్పు ఏ పద్దులో ఉందో తెలియలేదు.

అది చూపినవాడు అమెరికన్ గణితజ్ఞుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్. 1903 అక్టోబరు 31న న్యూయార్క్‌లో జరిగిన అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఆయన ఫలితాన్ని వెల్లడించాడు:

19,37,07,721 × 7,61,83,82,57,287

ఈ వెతుకులాట గుడ్డిది కాదు. ఈ సంఖ్యను నిశ్శేషంగా భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 134తో భాగిస్తే శేషం 1 రావాలి. ఇలాంటి నియమాలతో చాలా సంఖ్యలను ముందే పక్కన పెట్టవచ్చు. మొదటి కారణాంకంలోంచి 1 తీసి 134తో భాగించి చూడండి, సరిగ్గా 14,45,580 వస్తుంది.

నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిన పరీక్ష తొమ్మిదులు తీసేయడం. రెండు కారణాంకాల అంకెల మొత్తాలు 37, 64. రెంటినీ 9తో భాగిస్తే శేషం 1. లబ్ధం అంకెల మొత్తం 109, దాని శేషమూ 1. కానీ 27ను 72 అని రాసినా ఈ పరీక్షకు దొరకదు. అందుకే ఒక మధ్యాహ్నం కూర్చుని కాగితం మీద గుణకారమంతా చేశాను. సరిపోయింది.

ఇక కోల్ గురించి ఒక కథ ఉంది. సభలో ఆయన ఒక్క మాటా మాట్లాడకుండా నల్లబల్ల మీద గుణకారం చేసి కూర్చున్నాడట. దీనికి మూడేళ్ల ఆదివారాలు పట్టాయట. నేనే మిత్రుల దగ్గర ఎన్నోసార్లు ఇది జరిగిన సంగతిగా చెప్పాను. తీరా చూస్తే ఈ కథ ఎరిక్ టెంపుల్ బెల్ 1951లో అచ్చువేసిన పుస్తకం ద్వారా వ్యాపించింది. అప్పటికి సభ జరిగి 48 ఏళ్లు. పైగా బెల్ కథలకు మెరుగులు దిద్దుతాడని పేరున్నవాడు. నిజమై ఉండవచ్చు, కానీ దీన్ని గుణించి సరిచూసే వీలు లేదు.

కోల్ లెక్కను ఆయన పేరు తెలియని ఏడో తరగతి పిల్లవాడైనా సరిచూడగలడు. కథను మాత్రం బెల్ మాట మీదే నమ్మాలి. మెర్సెన్ జాబితాను నమ్మినవాళ్లను తప్పుపడుతూ, బెల్ కథను నేను నమ్మినట్టే చెబుతూ వచ్చాను. ఇకమీదట చెప్పినా, చివర 'అని బెల్ రాశాడు' అని చేరుస్తాను.