ఇంటి టెలివిజన్: ఉపగ్రహమా, ఇంటర్నెట్టా? – ఒక చారిత్రక పరిశీలన

పరిచయం

డిష్ రీఛార్జ్ గడువు అయిపోయింది. మళ్లీ చేయించాలా, లేక వైఫై ఉంది కదా, దాంతోనే సరిపెట్టుకోవాలా? ఇవాళ మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఈ చర్చ జరుగుతోంది. పైకి ఇది నెల ఖర్చుకు సంబంధించిన చిన్న విషయంలా కనిపిస్తుంది. చరిత్ర విద్యార్థులుగా మీరు దీన్ని ఇంకొంచెం లోతుగా చూడాలి. ప్రసారాన్ని ఎవరు పంపుతున్నారు? దాన్ని ఇంటిదాకా చేర్చే ఖర్చు ఎవరు భరిస్తున్నారు? అది చేరని ఇల్లు ఏది? భారతదేశంలో టెలివిజన్ చరిత్ర అంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే నడిచింది. ఈ వ్యాసంలో ముందు ఆ చరిత్రను, తర్వాత రెండు పద్ధతులూ పనిచేసే తీరును, చివరగా ఇంట్లో నిర్ణయం తీసుకునే పద్ధతిని పరిశీలిద్దాం.

ఉపగ్రహం ముందుగా పల్లెకు వచ్చింది

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. రోజువారీ ప్రసారాలు 1965లో మొదలయ్యాయి. రెండో కేంద్రం బొంబాయిలో ఏర్పడడానికి 1972 దాకా ఆగవలసి వచ్చింది. నేల మీద టవర్లు కట్టుకుంటూ పోతే నగరాలు దాటి పల్లెలకు చేరడానికి దశాబ్దాలు పడుతుందని ఈ నెమ్మదితనం తెలియజేసింది. విక్రమ్ సారాభాయ్ వంటి శాస్త్రవేత్తలు ఉపగ్రహం వైపు చూడడానికి కారణం ఇదే. ఆకాశంలో ఒక్క ఉపగ్రహం ఉంటే నగరానికీ మారుమూల గ్రామానికీ సంకేతం ఒకేసారి అందుతుంది.

ఈ ఆలోచన ‘సైట్’ అనే ప్రయోగంగా అమలులోకి వచ్చింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, సరిగ్గా ఒక ఏడాది పాటు, ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హిందీ, కన్నడం, ఒడియాలతో పాటు తెలుగులోనూ కార్యక్రమాలు తయారు చేశారు. పది అడుగుల వ్యాసం గల జాలీ యాంటెన్నాతో సామూహిక టీవీ సెట్లను గ్రామాల్లో అమర్చారు. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ కార్యక్రమాలు వచ్చేవి. వేలాది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు సైన్స్ బోధనలో శిక్షణ కూడా ఈ ప్రసారాల ద్వారానే ఇచ్చారు. దూరవిద్య చదువుతున్న మీకు ఈ విషయం ప్రత్యేకంగా గమనించదగినది.

ఏడాది పూర్తి కాగానే నాసా తన ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుంది. ప్రసార సాధనం మరొకరి చేతిలో ఉంటే ప్రసారం ఎప్పుడు ఆగాలన్నది కూడా వారే నిర్ణయిస్తారన్న పాఠం ఇందులో ఉంది. సొంత ఉపగ్రహ వ్యవస్థ అవసరం అప్పుడు మరింత స్పష్టమైంది. 1982లో పంపిన ఇన్సాట్-1ఏ కొద్ది నెలలకే పనికిరాకుండా పోయింది. 1983లో పంపిన ఇన్సాట్-1బి నిలబడింది. దాని అండతో 1984లో దేశంలో దాదాపు రోజుకొకటి చొప్పున కొత్త ట్రాన్స్‌మిటర్లు వెలిశాయి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం అప్పటికే, 1977లో, ప్రారంభమై ఉంది.

మిద్దెల మీది తీగలు, గోడ మీది డిష్

1991 గల్ఫ్ యుద్ధ కాలంలో విదేశీ ఉపగ్రహ చానళ్లు మన దేశంలోకి వచ్చాయి. వాటిని పెద్ద డిష్‌తో పట్టి, మిద్దెల మీదుగా, చెట్ల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగి ఇంటింటికీ ఇచ్చినవారు వీధి కేబుల్ ఆపరేటర్లు. చట్టం రాకముందే వ్యాపారం వచ్చింది. కేబుల్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం 1995లో వచ్చింది. అదే ఏడాది జెమిని, ఈటీవీ వంటి తెలుగు ఉపగ్రహ చానళ్లు ప్రారంభమయ్యాయి. 1995 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారాల కేసులో ఒక కీలకమైన తీర్పు ఇచ్చింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిని ప్రజాప్రయోజనం కోసం వినియోగించాలని స్పష్టం చేసింది.

కేబుల్ తీగ లేకుండా నేరుగా ఇంటికే ఉపగ్రహ సంకేతం ఇచ్చే డీటీహెచ్ పద్ధతిని ప్రభుత్వం వెంటనే ఒప్పుకోలేదు. 1997లో దాన్ని నిషేధించింది. విదేశీ సంస్థల ఆధిపత్యం గురించిన భయం అందుకు ఒక కారణం. 2000 నవంబరులో నిషేధం తొలగించి, విదేశీ పెట్టుబడి 49 శాతం మించకూడదన్న షరతుతో అనుమతించింది. 2003లో డిష్ టీవీ, 2004 డిసెంబరులో దూరదర్శన్ వారి డీడీ డైరెక్ట్ ప్లస్ మొదలయ్యాయి. రెండోదే నేటి డీడీ ఫ్రీ డిష్. దీనికి నెలవారీ చందా లేదు. డిష్, బాక్స్ ఒక్కసారి కొనుక్కుంటే చాలు. అయితే అందులో హిందీ చానళ్ల పాలు ఎక్కువని తెలుగు ప్రేక్షకులు గుర్తుంచుకోవాలి.

ఆ తర్వాత కేబుల్ కూడా దశలవారీగా డిజిటల్‌గా మారింది. 2019 ఫిబ్రవరి నుంచి అమలైన ట్రాయ్ ధరల విధానంలో ప్రతి చెల్లింపు చానల్‌కూ విడిగా ధర ప్రకటించారు. ఏ చానల్ కావాలో ఎంచుకునే హక్కు ప్రేక్షకుడికి కాగితం మీద వచ్చింది. ఆచరణలో చాలామంది ఆపరేటర్ చెప్పిన ప్యాక్‌నే తీసుకున్నారు.

ఇంటర్నెట్ మీదుగా టెలివిజన్

ఇంటర్నెట్ ఆధారిత టెలివిజన్‌లో రెండు రకాలున్నాయి. మొదటిది ఐపీటీవీ. ఇక్కడ ఒక సంస్థ తన సొంత నెట్‌వర్క్‌లోనే చానళ్లను బాక్స్ ద్వారా అందిస్తుంది. దీనికి కేంద్రం 2008లో మార్గదర్శకాలు ఇచ్చింది. రెండోది ఓటీటీ. ఇది ఎవరి ఇంటర్నెట్ మీదనైనా యాప్ రూపంలో వస్తుంది. 2016లో చౌక మొబైల్ డేటా వచ్చాక ఓటీటీ వేగంగా విస్తరించింది. ‘ఆహా’ 2020లో తెలుగు కార్యక్రమాలకే ప్రత్యేకమైన వేదికగా ప్రారంభమైంది.

ఐపీటీవీకి ఆంధ్రప్రదేశ్ ఒక మంచి ఉదాహరణ. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఆప్టికల్ ఫైబర్ లాగి, ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడింటినీ కలిపి నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు ఇచ్చే పథకం చేపట్టింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చే పనిని చాలాచోట్ల స్థానిక కేబుల్ ఆపరేటర్లే చూశారు. అంటే 1990ల నాటి కేబుల్ ఆపరేటర్ కొత్త వ్యవస్థలోనూ చివరి కొసన నిలిచాడు. సాంకేతికత మారినంత మాత్రాన పాత సామాజిక ఏర్పాటు మాయం కాదని దీన్నిబట్టి గ్రహించండి.

ఇదే కాలంలో చెల్లింపు డీటీహెచ్ తగ్గుతూ వచ్చింది. ట్రాయ్ నివేదికల ప్రకారం 2020 చివరలో సుమారు 7 కోట్లుగా ఉన్న చందాదారుల సంఖ్య 2024 చివరికి 6 కోట్ల లోపుకు దిగింది.

రెండూ పనిచేసే తీరు

ప్రసార ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అది పంపే సంకేతాన్ని ఒక్కరు పట్టుకున్నా కోటిమంది పట్టుకున్నా ప్రసార ఖర్చు మారదు. దీన్ని ఊరి మైకుతో పోల్చవచ్చు. ఓటీటీలో మాత్రం ప్రతి ప్రేక్షకుడికీ విడి ప్రవాహం పంపాలి. ఇది ఇంటింటికీ వెళ్లి కబురు చెప్పి రావడం వంటిది. చూసేవారు పెరిగే కొద్దీ నెట్‌వర్క్ మీద భారం పెరుగుతుంది. 2023 నవంబరు 19న జరిగిన ప్రపంచకప్ క్రికెట్ ఫైనల్‌ను ఒక దశలో 5.9 కోట్ల మంది ఒకేసారి ఆన్‌లైన్‌లో చూశారు. ఇంత భారం మోయడం సాధ్యమేనని ఇది రుజువు చేసింది. అయితే అందుకు భారీ సర్వర్ల ఏర్పాటు అవసరం. పైగా ప్రత్యక్ష ప్రసారం ఓటీటీలో సాధారణంగా కొన్ని సెకన్లు ఆలస్యంగా అందుతుంది.

లోపాలు రెండింటికీ ఉన్నాయి. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలను జోరువాన బలహీనపరుస్తుంది. వాన తగ్గగానే బొమ్మ తిరిగి వస్తుంది. స్తంభాల మీది ఫైబర్‌కు వానతో ఇబ్బంది లేదు కానీ గాలితో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు స్తంభాలు కూలి విద్యుత్తు, ఫోన్ వ్యవస్థలు రోజుల తరబడి దెబ్బతిన్నాయి. స్తంభాలను నమ్ముకున్న ఏ తీగకైనా ఈ ప్రమాదం తప్పదు. కరెంటు లేకపోతే డిష్ కూడా పనిచేయదు. అయితే సంకేతం ఆకాశంలోనే ఉంటుంది కాబట్టి కరెంటు రాగానే అది తిరిగి అందుతుంది.

మరో తేడా ఉంది. మామూలు డీటీహెచ్ బాక్స్‌కు సంకేతం అందుకోవడమే తెలుసు. మీరు ఏం చూశారో అది తిరిగి చెప్పదు. ఓటీటీ యాప్ మీరు ఏం చూశారో, ఎక్కడ ఆపారో నమోదు చేసుకుంటుంది. సైట్ కాలంలో పరిశోధకులు ఊళ్లకు వెళ్లి ప్రేక్షకులను అడిగి రాసుకున్నారు. ఇప్పుడు అడగకుండానే లెక్క తేలుతోంది.

మీ ఇంటికి ఏది?

దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు. ఈ క్రమంలో లెక్క వేయండి.

ఒకటి, ఏడాది ఖర్చు. చదువుకో ఉద్యోగానికో ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఇప్పటికే ఉంటే, టీవీ కోసం అదనంగా పెట్టేది యాప్‌ల చందా మాత్రమే. టీవీ కోసమే కొత్తగా బ్రాడ్‌బ్యాండ్ తీసుకోవాలంటే ఆ ఖర్చంతా టీవీ ఖాతాలోనే వేయాలి. రెండు మూడు యాప్‌ల చందాలు కలిపితే డిష్ రీఛార్జ్‌ను మించిపోవచ్చు.

రెండు, డేటా. సాధారణ నాణ్యతలో గంటకు సుమారు 1 జీబీ, హెచ్‌డీలో సుమారు 3 జీబీ ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ వచ్చే మొబైల్ ప్యాక్ మీద హెచ్‌డీలో గంట కూడా చూడలేరు. అందుకే మొబైల్ డేటాను ఇంటి టీవీకి ఆధారం చేసుకోవడం తెలివైన పని కాదు.

మూడు, చూసేది ఎవరు? నాన్నమ్మకు చానల్ నంబరు నొక్కితే సీరియల్ రావాలి. యాప్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, వెతుక్కోమంటే ఆమె టీవీ చూడడమే మానేస్తుంది. పిల్లలకు ఇది తిరగబడుతుంది.

నాలుగు, మీ ఊరి పరిస్థితి. ఫైబర్ తెగితే బాగుచేసే మనిషి ఎన్ని రోజులకు వస్తాడో పక్కింటివారిని అడిగి తెలుసుకోండి. ప్రకటనలో చెప్పే వేగం కన్నా ఈ సమాచారం విలువైనది.

ఇంటి నిర్ణయం, సమాజం

2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం కరోనా కారణంగా మూతపడిన బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ల ద్వారా పాఠాలు చెప్పింది. స్మార్ట్‌ఫోన్, ఇంటర్నెట్ లేని ఇళ్లలో కూడా టీవీ ఉండే అవకాశం ఎక్కువని ప్రభుత్వానికి తెలుసు. 1975 నాటి తర్కం నలభై ఐదేళ్ల తర్వాత మళ్లీ అవసరమైంది.

స్థోమత ఉన్న ఇళ్లు ఒక్కొక్కటిగా ఇంటర్నెట్‌కు మారడం తప్పు కాదు. కానీ ఆ ఇళ్లు వెళ్లిపోయాక ఉపగ్రహ ప్రసారం మీద పెట్టుబడి, మంచి కార్యక్రమాలు తగ్గితే నష్టపోయేది చందా కట్టలేని ఇల్లే. కాబట్టి మీ ఇంట్లో ఏది ఎంచుకున్నా, ఉచిత ఉపగ్రహ ప్రసారంలో నాణ్యమైన తెలుగు చానళ్లు, పాఠ్య కార్యక్రమాలు ఉండాలని అడిగే హక్కు పౌరులుగా మీకుంది. తరంగాలు ప్రజల ఆస్తి అన్న తీర్పుకు అర్థం అదే.

సారాంశం

మన దేశంలో ఉపగ్రహ టెలివిజన్ పల్లెలకు విద్యను, సమాచారాన్ని చేర్చే సాధనంగా మొదలై, 1990లలో వ్యాపారంగా మారింది. ఇంటర్నెట్ టెలివిజన్ ప్రేక్షకుడికి సమయం మీద, ఎంపిక మీద స్వేచ్ఛ ఇచ్చింది. అందుకు ప్రతిగా తీగను, డేటాను, చందాను ఇంటి బాధ్యతగా మార్చింది. ఖర్చు, డేటా, ప్రేక్షకులు, స్థానిక పరిస్థితి అనే నాలుగు అంశాలను బట్టి ఇంటి నిర్ణయం ఉండాలి.

ఆలోచించి రాయండి

1. సైట్ ప్రయోగం లక్ష్యాలను, ఏపీ ఫైబర్‌నెట్ లక్ష్యాలను పోల్చండి.
2. డీటీహెచ్‌ను 1997లో నిషేధించి 2000లో అనుమతించడానికి దారితీసిన పరిస్థితులను చర్చించండి.
3. మీ వీధిలో ఐదు ఇళ్లకు వెళ్లి, వారికి టెలివిజన్ ఏ మార్గంలో వస్తోందో, పదేళ్ల క్రితం ఏ మార్గంలో వచ్చేదో అడిగి ఒక పేజీ రాయండి. టీవీ లేని ఇల్లు ఉంటే దాన్నీ లెక్కలో చేర్చండి.